పదమూడో నంబరు పానా

ఆటు పూట. మెటెగన్ రేవులో నీళ్ళు దిగిపోయి
పడవలు బురదమీద పక్కకి ఒరిగి ఉన్నాయి.
వెండెల్ అమీరో కొట్లో
డీజిలూ కొత్త తాళ్ళూ తడిసిన కుక్కా కలిసిన వాసన.
జేబులో నూటపది డాలర్లు మళ్ళీ తడిమి చూసుకున్నాను.
ఎనభై నావి. ముప్పై యూలాలీ ఇచ్చింది,
ఏమీ అనకుండా.
ఆ అనకపోవడమే డిసెంబరు నుంచీ
నా చెవిలో మోగుతోంది.

లాబ్‌స్టర్ల సీజను మూడోవారం.
'పెతీత్ రోజ్' ఇంజను గదిలో వెల్లకిలా నేను,
నీటిపంపు వెనక ఒక బోల్టు,
చేతిలో యాభై డాలర్ల సెట్టులోని రాచెట్ పానా.
ఒకవైపు తిరగడమే తెలిసిన పానా.
విప్పేకొద్దీ బోల్టు బయటికొచ్చింది,
వచ్చి వచ్చి పానాని ఇనుప పలకకి అదిమేసింది.
లాగుదామంటే సందు లేదు.
మళ్ళీ బిగిద్దామంటే దానికి రాదు.
తిరగేసి పెడదామంటే, ముందు ఊడి రావాలి కదా!

యూలాలీ దిగి వచ్చింది. లైటు పెట్టి చూసింది.
గ్రైండరుతో పానా మెడ కోసి
ఆ తర్వాత ఉంగరాన్ని చీల్చింది.
రవ్వలు నా గడ్డంమీద రాలాయి.
ఈలోగా పోటు వచ్చింది, పోయింది.
మిగతా పడవలన్నీ వెళ్ళాయి.

వెండెల్ మూడు సెట్లు బల్లమీద పరిచాడు.
ఒకటి అద్దంలా మెరుస్తోంది, నాలుగువందల ఇరవై.
"ఇది గోడకి తగిలించుకునేవాళ్ళకి."
రెండోదాన్ని చూడగానే నా చెవులు వేడెక్కాయి, అదే యాభై.
మూడోది మసకగా ఉంది. మెడ దగ్గర గోరంత మీట.
తొంభై అయిదు, పన్నుతో నూట ఎనిమిది.

"విను" అని చెవి దగ్గర తిప్పాడు.
డెబ్బై రెండు పళ్ళు.
రేకుమీద సన్నజల్లు మొదలైనట్టుంది.
అయిదు డిగ్రీల చోటుంటే చాలు, ఇంకో పన్ను పట్టుకుంటుంది.
మీట ఇటంటే బిగింపు, అటంటే విప్పుడు.
"ఉప్పునీళ్ళు మొదట కొరికేదీ ఈ మీటనే.
మొండి బోల్టుని ముందు మామూలు పానాతో కదుపు.
పసివాడిచేత బండ మోయించకు."

డబ్బామీద ఎర్రగా రాసుంది: జీవితకాలం గ్యారంటీ.
ఎవరి జీవితం, అన్నాను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
"కంపెనీ రెండుసార్లు చేతులు మారింది.
పేరు పాతదే, ప్రాణం వేరేవాళ్ళది.
రసీదు చూపిస్తే మారుస్తారు."
సొరుగులోంచి ఒక రసీదు తీశాడు.
నిరుడిదట. తెల్లకాగితం.
సిరా ఏడాదే బతికింది.

అందుకని అతనికో పుస్తకం ఉంది,
అట్ట ఊడిన లావుపాటి పుస్తకం.
నా పేరు, తేదీ, సెట్టు నంబరు పెన్సిలుతో రాశాడు.
తడిసినా పెన్సిలు చెదరదట.
నాపైన పేర్లు చదివాను తలకిందులుగా:
కామిల్ దూసే, ఎల్‌ఫెజ్ సోల్నియే...
ఎల్‌ఫెజ్ పడవ పదేళ్ళ కిందట తిరిగి రాలేదు.
కొట్టెయ్యలేదేం, అన్నాను.
"అతని పానాలింకా గ్యారంటీలోనే ఉన్నాయి"
అన్నాడు వెండెల్, పెన్సిలు చెవిమీద పెట్టుకుంటూ.

సాయంత్రం షెడ్డులో యూలాలీ సెట్టు విప్పింది.
ఒక్కో మీటా బొటనవేలితో అటూ ఇటూ అంది.
"పదకొండు లేదు" అంది.
ఎనిమిదే ఉంటాయి ఇందులో, అన్నాను.
"పదకొండుతో పనీ ఎక్కువుండదులే."

తర్వాత తన పెట్టె అడుగున చెయ్యిపెట్టి
ఏదో తీసి నావైపు జరిపింది.
మెడ తెగిన నా పాత పానా.
ఉంగరం లేదు. రెండో కొసన నోరు మాత్రం అలాగే ఉంది.
"పదమూడే. ఇరుకులో పొడుగుది పట్టదు, ఇది పడుతుంది."

కోసినచోట వేలు పెట్టి చూశాను.
ఆకురాయితో నున్నగా అరగదీసి ఉంది.
ఎప్పుడు అరగదీసిందో.