బెల్టుకు ఒక్క మెలిక

ఫుజైరాల తెల్లారుజాము మూడున్నర.
సముద్రం దగ్గర్నే ఉన్నదనేటందుకు ఉప్పొక్కటే సాక్ష్యం.
అది చేతులకు అంటుతది, రాచెట్టు పండ్లల్ల చేరి
తుప్పయితది.

పక్కలకు గోడల్లేని బండి మాది.
దీని మీద ఏది నిలవాలన్నా కడితేనే నిలుస్తది.
ముందల ఇటుకల పాలెట్లు ఆరు,
నడుమ తెల్ల గులకరాళ్ల సంచులు నాలుగు పాలెట్లు,
ఎనక గడ్డి.
చాపలు చుట్టినట్టు చుట్టిన పచ్చగడ్డి,
నీళ్లు కారుకుంట,
ఈ ఊరికి రాని వాన వాసనతోటి.

కాయితాల మీద నా పేరు భీమేశం.
డ్రైవర్ గుల్ రహ్మాన్ నోట్ల అది బీమా.
"నీ పేరే ఇన్సూరెన్స్,
మల్ల ఇన్ని బెల్టులెందుకు భాయ్?" అని
రోజూ అదే నవ్వు నవ్వుతడు.
రోజూ నేనూ నవ్వుత,
నవ్వుకుంటనే మూలలకు డ్రిప్పు పైపు ముక్కలు పెడుత,
ఇటుక అంచు బెల్టును కొరకకుంట.

బెల్టును వేళ్ల నడుమ జారవిడుస్త. లైటు అక్కెరలేదు.
పద్నాలుగేండ్లు సిరిసిల్ల సాంచాల మీద
పాలిస్టర్ నేసిన వేళ్లివి.
ఇదీ అదే నూలు.
అక్కడ మీటరుకింత అని పైసల లెక్క,
ఇక్కడ బెల్టుకింత అని టన్నుల లెక్క.
పడుగు, పేక,
పడుగు, పేక,
మూడో బెల్టుల వేలు ఆగింది.

"ఒక్క పోగే కదా" అన్నడు ఫోర్మన్ సజీవన్,
గడియారం దిక్కు చూసుకుంట.
ఆరున్నర దాటితే ట్రక్కులను ఆపుతరు,
ఎండెక్కితే గడ్డి పసుపుతిరుగుతది, అతని మాటా నిజమే.
"ముడేద్దామా కాకా?" అన్నడు రాజలింగు,
వచ్చి ఇరవై రోజులాయె పిలగాడు.
నూలుకు ముడేస్తరు బిడ్డా.
బరువుకు ఎయ్యరు.
కత్తి తీసి బెల్టును నడిమికి కోసిన,
నా ఎనక ఇంకెవ్వడూ దాన్ని ముట్టకుంట.
సజీవన్ మలయాళంల ఏమో అన్నడు.
నేను కొత్త బెల్టు తెచ్చుకున్న.

గడ్డి మీద చెక్క పెట్టి గుంజాలె,
ఉత్తగ గుంజితే నలిగి చస్తది.
రాళ్లను మాత్రం దయ లేకుంట గుంజాలె.
ఇగ ఆఖరుకు, ఈ కొస నుంచి ఆ కొస నడుమ
బెల్టుకు ఒక్క మెలిక.
"అదెందుకు?" అన్నడు రాజలింగు.
మెలిక లేకుంటే గాలికి మోగుతది,
మోగి మోగి తనను తనే అరగదీసుకుంటది అని చెప్పిన.
ఎట్ల మోగుతదో చెప్పలే.

మసాఫి మలుపులు ఎక్కినంక
ఎనక నుంచి వచ్చింది చప్పుడు.
గుల్ రహ్మాన్ రేడియో బందు చేసిండు.
పిలగాడు నా దిక్కు చూసిండు,
కుడిపక్క రెండోది వాడు కట్టిందే.
ఆపుమని నేను వెంటనే అనాలె.
నలభై సాంచాలు ఒక్కపారి నడిచే షెడ్డుల
మాట వినపడక చేతులతోటి మాట్లాడుకునేటోళ్లం,
టీ అంటే బొటనవేలు,
పోగు తెగిందంటే రెండు వేళ్లు కత్తెర లెక్క.
రాజలింగు ఏమో అడుగుతున్నడు,
నాకు వినపడలే.

రెండు కిలోమీటర్లు ఆపమనలే.

తర్వాత ఆపిచ్చిన.
బండి పక్కకు తీసి దిగినం,
కొండల ఎనక అప్పుడప్పుడే తెల్లగయితున్నది.
గడ్డి నీళ్లు విడిచి
నాలుగు వేళ్లంత కుంగింది, బెల్టులన్ని వదులైనయి.
ఇది ఎవ్వరి తప్పూ కాదు. అందుకే దారిల ఒకపారి దిగాలె,
ఎంత మంచిగ కట్టినా దిగాలె.
ఒక్కొక్కటే మల్ల బిగిచ్చినం.
రెండోదానికి మెలిక రాజలింగు చేతనే ఏపిచ్చిన,
గోటితోటి కొట్టి చూడుమన్న.
టక్‌మన్నది.

ధైద్ దాకా ఇగ టైర్ల చప్పుడే.