చేతులు కడుక్కున్నాకే

నాకు రాయను రాదు. నేను చెప్తాండా, కోడలు రాస్తాంది.

కల్యాణదుర్గం పక్క ఎర్రనేల మాది.
వాన మోసం చేసిన ఏడు గూడా
ఇత్తనకాయ దాచిపెట్టుకున్నోళ్ళం.
ఊరుబిండిలో, ఓళిగ పూర్ణంలో,
వంకాయ కూరలో, ఉగ్గాని మింద చల్లే పొడిలో,
ఆఖరికి నా కొంగుముడిలో గూడా
శెనక్కాయే.

ఆ ఇంట్లో పుట్టింది వన్నూరమ్మ.
రెండో ఏట ఒక పలుకు నోట్లో పెడితిమి.
కందిరీగ కుట్టినట్టు పెదిమలు పొంగె,
ఈపంతా దద్దుర్లు లేచె.
దిష్టి అంటి.
ఉప్పూ మిరక్కాయలూ తిప్పి పొయ్యిలో ఏస్తి.
ఘాటు రాలే. చూసినారా, దిష్టే, అంటి.

అనంతపురం డాక్టరమ్మ నవ్వలే, తిట్టలే.
"అవ్వా, శెనక్కాయ మీకు చుట్టం.
ఈ బిడ్డ ఒళ్ళు మాత్రం దాన్ని దొంగనుకుంటాంది.
చుట్టమొస్తే కట్టెలెత్తుకోని లేస్తాది.
ఆ కొట్లాటలో ఇరిగేది మీ ఇల్లే" అనె.

నేను నమ్మలే.
మా మామ నాటి పంట
మనమరాలికి ఇసమెట్లైతాది?
అలవాటైతే పోతాదనుకోని
ఎవురూ లేనప్పుడు బెల్లంలో నూరి
ఆవగింజంత పెడితి.

ఈడ కోడలు కలం నిలిపింది.
రాయి, అంటి.

ఆటోలో దోవ పొడుగూతా
బిడ్డ గొంతులో పిల్లికూతలు.
మొగం ఉబ్బి కండ్లు కనపల్లే.
ఆస్పత్రిలో తొడకు సూదేసినాక
చానాసేపటికి ఊపిరి దోవకొచ్చె.
రాత్రంతా ఆన్నే పండుకోబెట్టుకుండ్రి.
కోడలు నన్ను ఒక్క మాట అనలే.
అనింటే బాగుండు.

పెండ్లినాటి రోలు ఇప్పుడు దొడ్లో వానకు తడుస్తాంది.
దాని గుంటలో పిచ్చుకలు నీళ్ళు తాగుతాయి.
వంటకు పొద్దుతిరుగుడు నూనె.
ఊరుబిండికి ఏమెయ్యాలన్నా డాక్టరమ్మను అడిగినాకే.
కొడుకు చేన్లోనుంచి వచ్చి
తొట్టికాడే చొక్కా ఇప్పి మునుగుతాడు.
అంతవరకు బిడ్డ గడపలో చేతులు చాపుకోని
చెంబులు లెక్కబెడతాది.
ఏడో చెంబుకు ఎగురుతాది.

ఇస్కూల్లో చిక్కీలిచ్చే రోజు
ఇమాంబీ టీచరు ఆయమ్మిని కిటికీకాడ కూచోబెట్టి
అరిటిపండు ఇస్తాది.
పుస్తకాల సంచిలో ఎర్రగుడ్డ మూట,
దాంట్లో మందులు, ఫోను నంబర్లు,
ఏమైతే ఏం చెయ్యాల్నో డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ.
పక్కన కూచునే జులేఖ అందరికీ చెప్తాదంట:
"చేతులు కడుక్కున్నాకే వన్నూరమ్మను ముట్టాల."
ఇప్పుడదొక ఆటయింది.
బోరింగుకాడ బారు కడతారు పిల్లోళ్ళు.

కోతలప్పుడు ఇంట్లోనే ఉంటాది.
ఎర్రదుమ్ము లేచినప్పుడు
"నాయనా, ఎన్ని మూటలు?" అని లోపల్నుంచే అరుస్తాది.
పంట బాగుంటే దానికీ సంతోషమే.

అందరు పిల్లోళ్ళూ
అమ్మ, ఆవు అని మొదులుపెడతారు గదా.
ఇది మొట్టమొదటిసారి కూడబలుక్కోని చదివింది
బిస్కత్తు పొట్లం ఎనకాల,
చీమతలకాయంత అచ్చరాల్లో:
వే, రు, శ, న, గ.
అంగట్లో నా చెయ్యి పట్టుకోని
"ఉందవ్వా, పెట్టేయ్" అనె.

దాని ఏలు కింద నేనూ చూస్తి.
ఇప్పుడు ఆ ఒక్క మాట
నాకూ చదవనొస్తాది.