పదకొండో పేజీ

కూర్చో హేమసుందరూ,
కరెంటు పోయింది, లోపలికంటే అరుగే నయం.
మధ్యాహ్నం ఒంటిగంట నాకు అర్ధరాత్రి.
గొంతు ఇలాగే ఉంటుంది, కోపం కాదు.

గుర్ల నుంచి మీ నాన్న బండి మీద వచ్చావు,
ఫైలుకి ప్లాస్టిక్ కవరు, కవరుకి రబ్బరు బ్యాండు.
లాగ్‌బుక్కులో రెండువందల ఆరు గంటలు.
ఒక్కో గంటకి ఎన్ని సెంట్ల గోగుచేను పోయిందో
మీ నాన్న నాకు చెప్పాడు. నీకు చెప్పి ఉండడు.

ప్రయాణికుల కంపెనీలు గేటు బయటే నిలబెట్టిన రోజుల్లో
సరుకుల విమానం వాళ్లు పిలిచారు. మంచిదే.
అడిగారా, రాత్రిళ్లు మేలుకోగలవా అని?
నన్నూ అడిగారు.
మాది నెల్లిమర్లండి, జూట్‌మిల్లు సైరన్ కింద పుట్టానండి అన్నాను.
నవ్వారు. తీసుకున్నారు.
ముప్ఫయ్యొక్క ఏళ్లు సి-షిఫ్టులో మగ్గం నడిపిన మా అయ్య
“నిద్దరంటే అప్పురా గుంటడా,
వడ్డీ ఒంట్లోంచి కోసుకుంటాది” అనేవోడు.
ఆ ముక్క ఇంటర్వ్యూలో చెప్పలేదు.

రాత్రి పదకొండుకి రిపోర్టింగు.
మన వెనక సీట్లుండవు, మంచినీళ్లడిగేవాళ్లుండరు,
దిగుతూ దణ్ణం పెట్టే ముసలమ్మ ఉండదు.
రొయ్యల పెట్టెలు, ఫోన్లు, సూదిమందులు.
ఒకసారి ఒక్కరోజు వయసు కోడిపిల్లలు, పదివేలు,
నాగ్‌పూర్ దాకా తలుపు వెనక కిచకిచ.
ఒకసారి శవపేటిక.
ఆ రాత్రి కెప్టెన్ మెహర్జీ చక్రాలని
పసిబిడ్డని పక్కమీద వేసినట్టు నేలకి దించాడు.
ఎందుకో ఇద్దరం మాట్లాడుకోలేదు.

మూడున్నరకి కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు.
రేడియోలో మన నంబరే పిలుస్తారు,
పాపం ఎవరో పలకడం లేదనుకుంటాం.
ఉప్పు కలిపిన చింతపండు ఉండ బుగ్గన పెట్టుకో,
మెహర్జీకీ నేనే అలవాటు చేశాను.
అయినా ఒకసారి ఎనిమిది నిమిషాలు
ఇద్దరం నిద్రపోయాం.
ఎక్కడో చెప్పను.
కింద ఊళ్లున్నాయి.

అలసటకి ఒక ఫారం ఉంది, నింపొచ్చు. శిక్ష లేదు.
నింపినవాడికి వచ్చే నెల గంటలు తగ్గుతాయి, అంతే.
జీతం గంటల్లో ఉంటుంది.

పగలు హోటల్లో పరదాల అంచులకి బట్టల క్లిప్పులు పెట్టుకో.
వెలుతురు సందులోంచి వస్తుంది,
కింద హాల్లో ఎవరిదో పెళ్లి బ్యాండు ఎక్కడినుంచైనా వస్తుంది.
కాగితం మీద మాత్రం నువ్వు పది గంటలు పడుకున్నావు.

ఇప్పుడు పదకొండో పేజీ తియ్యి.
శిక్షణ ఖర్చు ముప్ఫై రెండు లక్షలు, నీ పేర.
అయిదేళ్ల బాండు.
నువ్వు మానేస్తే నువ్వు కట్టాలి.
వాళ్లు మూసేస్తే?
ఆ మాట ఏ పేజీలోనూ లేదు. నాదాంట్లో కూడా వెతికాను.

మిల్లు మూసిననాడూ అంతే, గేటుకి ఒక కాగితం.
ఆ రాత్రి కోల్‌కతా వెళ్తూ పైనుంచి చూశాను.
విజయనగరం దీపాల కుప్ప ఉంది, అటు సముద్రం నలుపు ఉంది,
చంపావతి పక్కన ఉండాల్సిన పసుపు గీత లేదు.
దారి తప్పామేమోనని చార్టు చూసుకున్నాను.
అయ్యకి ఫోన్ చేస్తే అప్పటికే మెలకువగా ఉన్నాడు.

మరి నువ్వెందుకు ఉన్నావంటావు.
తూర్పుకి ఎగిరే రోజుల్లో
సూర్యుడు మనకి కాస్త ముందుగా దొరుకుతాడు,
కిందవాళ్లెవరికీ చెప్పకుండా.
అది జీతంలో లేదు. బాండులోనూ లేదు.
ఇంకేమైనా అడుగు.

“భుజం మీద మొదట ఎన్ని చారలన్నయ్యా?”

రెండు, అన్నాను.
ఇంకా ఏదో చెప్పాలి, బీమా గురించి,
కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది,
కుర్చీలోనే

లేచేసరికి నాలుగున్నర.
నువ్వు లేవు, ఫైలు లేదు.
టీ గ్లాసులో ఈగ.
అరుగు మీద నా పెన్ను,
మూత తీసి ఉంది.