నిండుకుంది

నారబ్రైలో గోధుమ కోసేశారు.
మోళ్ళ పొలాల మధ్య, రైలుపట్టా మీద
ఆరు తెల్లటి డిష్‌లు
ఒకే చెవిలా తల తిప్పుతున్నాయి.

రాత్రి రెండింటికి గాలి లేచింది.
గ్లెనిస్ మీట నొక్కింది. ఆరూ
ఆకాశానికి పళ్ళేలు పట్టి ఊరుకున్నాయి.
గంటన్నర పోయింది. టీ తాగాం.
పట్టా మీద ఒక కంగారూ
మా వైపే చూస్తూ నిలబడింది,
పనిలేని వాళ్ళని చూసినట్టు.

మేం వింటున్నది ఒక గెలాక్సీని.
పదివేల కోట్ల సూర్యుళ్ళ బరువు.
అక్కణ్ణించి ఆ కబురు బయల్దేరేనాటికి
విశ్వానికి రెండు వందల కోట్ల ఏళ్ళు,
నూరేళ్ళ మనిషి లెక్కన పదిహేనో ఏడు.
మీసం మొలవని ఈడు.
అప్పటికే దాని కానుపులన్నీ అయిపోయాయి.
ఉన్నవి ఎర్రబడ్డ ముసలి చుక్కలు.

ఇంత తొందరగా ఇంత ఎలా కూడబెట్టింది?
పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
పుట్టగానే పండి రాలే సంగతి
సామెతల్లో ఎవరూ చెప్పలేదు.

పిండి కొద్దీ రొట్టె,
చల్లటి వాయువు కొద్దీ చుక్కలు.
ఆ పిండి ఇంకా మిగిలిందా అని
పదకొండు గంటలు చెవొగ్గాం.
తెర మీద గీత లేవలేదు.
ఇసక జల్లెడ పట్టినట్టు గరగర, అంతే.

"అయిపోయిందన్నమాట," అంది గ్లెనిస్.
మా వంటింట్లో ఆ మాట అనకూడదు, అన్నాను.
డబ్బాలో బియ్యం లేకపోతే
"నిండుకున్నాయి" అంటాం.
"నిండితే లేనట్టా?"
కాదు, లేకపోతే నిండినట్టు.
చెబుతుంటే నాకే తికమకగా ఉంది.
కానీ తెరకేసి చూస్తే
ఆ మాటే అక్కడ కూచుని ఉంది:
నిండా చుక్కలే. చుక్క వాయువు లేదు.

నడిమధ్య కృష్ణబిలం
మింగబోయి పొలమారి అంతా బయటికి ఊదేసిందో,
కాగిపోయి కిందికి దిగడం మానేసిందో,
ఆత్రంగా ఒక్క పూటలో వండుకు తినేసిందో.
ఏదీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు.
ఆ తర్వాత వెయ్యి కోట్ల ఏళ్ళు
ఇరుగుపొరుగు చిన్నవాటిని కలుపుకుని
నడుం చుట్టూ లావెక్కి ఉంటుంది.
ఉంటుంది అనడమే. ఆ కబురు ఇంకా దారిలో ఉంది.

గ్లెనిస్ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చెప్పింది, కరువు రోజుల్లో వాళ్ళ నాన్న
ఇనప సైలోని కిందినుంచి పైకి
వేలి కణుపుతో తట్టుకుంటూ పోయేవాడని.
మూగగా పలికినంత మేర గోధుమ.
ఖంగుమన్న చోట గాలి.
"ఒక ఏడు మొదటి దెబ్బకే ఖంగుమంది.
అయినా పైకి తడుతూనే ఉన్నాడు,
నిచ్చెన తెమ్మని నన్ను పంపించి."

తెల్లారింది. బయట ఆరూ
ఇంకెవరి గెలాక్సీ వైపో తల తిప్పాయి.
లాగ్ పుస్తకంలో "కనబడలేదు" అని రాశాను.
కింద తేదీ వేశాను.
ఇంకో పదకొండు గంటలు కావాలని
దరఖాస్తు మొదలుపెట్టాను.