గడి లేని నలభై నిమిషాలు

వాట్సన్‌విల్‌లో పొగమంచు పదకొండైతే గానీ లేవదు.
అప్పటికే నేను మిసావో గారి వంటింట్లో ఉంటాను,
కౌంటీ ఇచ్చిన కాగితంతో,
వారానికి పదిహేడు గంటల మనిషిని.
స్నానం ఒక గడి. వంట ఒక గడి. బట్టలు ఒక గడి.
మాటలకి గడి లేదు.

తొంభై మూడేళ్ళు ఆమెకి.
స్ట్రాబెర్రీ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పద్దులు రాసిన చెయ్యి
చెంచా పట్టుకుంటే వణుకుతుంది,
పెన్సిలు పట్టుకుంటే వణకదు.

ఒకరోజు బియ్యం డబ్బా వెనకనించి
నల్లట్ట పుస్తకం తీయించింది. వాళ్ళ నాన్నది.
నిలువుగా దిగే అక్షరాలు, పక్కన అంకెలు.
"తానొమొషి" అంది.
ఇరవై ఇళ్ళు, నెలకి తలా ఐదు డాలర్లు,
ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళు పాడుకోవడం.
"ఓసి, మన చీటీ!" అన్నాను తెలుగులోనే.
అర్థమైనట్టే తలూపింది.

బ్యాంకువాళ్ళు గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో
ఆ చీటీతోనే గుర్రాన్ని కొన్నారు, పురుళ్ళు పోశారు,
క్షయ పట్టిన కుర్రాణ్ణి కొండమీది ఆసుపత్రికి పంపారు.
పద్నాలుగో పాట అయ్యాక నలభై రెండు వచ్చిపడింది.
ఈసారి చీటీ కోటు గుండీకి వేలాడింది, నంబరుతో.
పోస్టన్ ఎడారికి రైలు.
పుస్తకంలో నాలుగు పేజీలు ఖాళీ.

పన్నెండో నెలలో పాడుకున్న తకెమోతో అనే ఆయన
యుద్ధం అయిపోయి తిరిగొచ్చాక
కోళ్ళ షెడ్డులో కాపురం పెట్టి
మొదటి జీతం కవరుతో వాళ్ళ నాన్న ముందు నిలబడ్డాడట:
"ఇంకా ఆరు వాయిదాలున్నాయి."
ఎవరికివ్వాలి? ఇరవై ఇళ్ళలో తిరిగొచ్చినవి ఏడు.
ఆ ముప్ఫై డాలర్లు
బౌద్ధ మందిరం హాల్లో మంచాలేసుకున్నవాళ్ళకి
బియ్యమయ్యాయి.

కుమామొతొలో ఆమె పినతండ్రి కూతురు తొషిఎ ఉంది.
యుద్ధం తర్వాత వాళ్ళింటికి పేట పెద్ద
సంచిలో సాయం తెచ్చేవాడట.
చీకటి పడ్డాకే రమ్మని బతిమాలుకునేవాళ్ళు,
పక్కింటి దీపం ఆరాక.
తర్వాత్తర్వాత అందరికీ ఆసుపత్రి కార్డులొచ్చాయి.
అయినా మంచాన పడ్డ అత్తగారి ఒళ్ళు తుడవడం
పద్నాలుగేళ్ళు తొషిఎ నడుము మీదే నడిచింది.
కోడలి నడుము ఏ బడ్జెట్టులోనూ కనపడదు.

ఇప్పుడు తొషిఎ తనే మంచంలో ఉంది.
వారానికోసారి వ్యానులో తొట్టి వస్తుంది, వెంట ముగ్గురు మనుషులు,
గొట్టంలోంచి వేడినీళ్ళు పడగ్గది దాకా.
"నా పింఛనులో నెలనెలా కోస్తున్నారుగా,
సిగ్గెందుకు?" అని రాసింది.
"దేశమంతా కలిసి వేసుకున్న చీటీ" అంది మిసావో గారు,
ఉత్తరం మడుస్తూ.
కాసేపాగి,
"పాడుకునేవాళ్ళే అందరూ. కట్టే పిల్లలేరీ?"

పోయిన మార్చిలో మా ఆయన పోయినప్పుడు
నలుపూ తెలుపూ దారాలు కట్టిన కవరిచ్చింది.
ఇరవై డాలర్లు.
మావైపు పెళ్ళికి చదివిస్తారు,
వీళ్ళు చావుకి చదివిస్తారు.
పుచ్చుకోకూడదు, కౌంటీ రూలు, అన్నాను.
వినపడనట్టు ఊరుకుని
నల్లట్ట పుస్తకం చివరి పేజీలో
నా పేరు వాళ్ళ లిపిలో రాసుకుంది: వరహాలు.
పక్కన ఇరవై.

నిన్న నా టైంషీటు కూడింది.
"నలభై నిమిషాలు తక్కువేశావు."
అవి కబుర్లండీ.
"కబుర్లూ పనే. రాయి.
నాకు దానం చెయ్యకు."
ఏ గడిలో రాయాలో తెలీక
స్నానంలో కలిపాను.

ఇంటికొచ్చి ఆ కవరు మళ్ళీ తీశాను.
దారం ముడి అలాగే ఉంది.
తిరిగి చదివించాల్సింది ఏ రోజునో
ఇద్దరికీ తెలుసు.
ఈ ఒక్క వాయిదా మటుకు
ఎగ్గొట్టిందన్న పేరు రానీ నాకు,
ఇంకొన్నేళ్ళు.