ఆరు నెలల గ్యారంటీ

ఎల్ ఆల్టోలో గాలికి కరువు.
మనిషే నాలుగు మెట్లెక్కి ఆగుతాడు,
ముప్ఫై ఏళ్ళ లారీ ఏం చేస్తుంది?
మొన్న లా పాస్ ఎగువన, కొండ మలుపులో,
ఉల్లిపాయల లోడుతో మాది కూలబడింది.
ముందు నల్లటి పొగ, తర్వాత తెల్లటిది,
తర్వాత ఏమీ లేదు.
మా అన్న ఎమెతెరియో దిగి, టోపీ తీసి,
బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు
జ్వరం చూస్తున్నట్టు.

ఇప్పుడు తియోఫిలా షెడ్డులో
రెండు ఇంజన్లు, పక్కపక్కన, అరిగిన టైర్ల మీద.

మొదటిది ఇప్పుడే చెక్కపెట్టెలోంచి బయటపడింది.
నీలిరంగు. ఒక్క గీత లేదు.
రంధ్రాలన్నిటికీ ఎర్రటి ప్లాస్టిక్ మూతలు,
కొత్తగా చెవులు కుట్టించుకున్న పిల్లలా.
అంత సముద్రం దాటొచ్చి కూడా
ఉప్పు వాసన లేదు, కొత్త చెప్పుల వాసన.
రెండోదాని ధరలో ముప్పాతికే.
పైగా కాగితం: ఆరు నెలల గ్యారంటీ.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో,
మూడువేల మీటర్ల ఎత్తు దాటితే చెల్లదని.
మేం నాలుగువేల మీద పుట్టినవాళ్ళం.

రెండోది చిలీ రేవు నుంచి వచ్చింది.
మా లారీ పుట్టిన కంపెనీలోనే పుట్టింది.
ఒళ్ళంతా జిడ్డు. పక్కన సుద్దతో ఒక అంకె,
ఎందుకో ఎవరికీ తెలీదు.
ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగితే
అమ్మేవాడు ఆకాశం చూశాడు.

కొత్త వింతే, ఒప్పుకుంటాను.
పాత రోత అన్నవాడు మాత్రం
లోడుతో ఈ కొండ ఎక్కి ఉండడు.

"ఎవడి పాపం మోస్తుందో అది!" అన్నాడు అన్న.
"ఎన్నిసార్లు ఉడికిందో, ఎన్నాళ్ళు ఆయిల్ లేక తిరిగిందో.
ఇది చూడు, కన్నెపిల్ల."
నేను మాట్లాడలేదు. అప్పు నా పేరు మీద ఉంది.

తియోఫిలా వాల్వు మూత విప్పింది.
లోపల ఇనుము మీద మేకుతో గీసిన పేరు: హెర్మాన్.
కింద ఒక తేదీ, పదిహేనేళ్ళ కిందటిది.
అంటే ఎవరో దీన్ని ఒకసారి విప్పి
మళ్ళీ మూశారు.
మంచి చెయ్యో కాదో తెలీదు.
పేరు రాసుకునే ధైర్యం ఉన్న చెయ్యి.

ఇంజెక్టర్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి
నన్ను రాడ్డుతో తిప్పమంది.
ఉఫ్, అని తోసింది వేలిని.
ఒకటి, రెండు, మూడు.
నాలుగో సిలిండర్ కాస్త బద్ధకంగా తోసింది.
ఐదు, ఆరు.
వేలు స్కర్టుకి తుడుచుకుని చెప్పింది:
"ఆ నీలందానికి ఈ దారిలో చుట్టాలెవరూ లేరు.
దీనికి ప్రతి ఊళ్ళో ఒకడు, తుప్పుపట్టి పడి ఉన్నాడు.
అడిగితే ఒక బోల్టు ఇస్తాడు.
నాలుగోదాని సంగతి మాత్రం నన్నడక్కు."

డబ్బు లెక్కపెట్టాను. రెండుసార్లు.

బిగించిన రోజు సారాయి సీసా తెచ్చాడు అన్న.
ముందు నేలతల్లికి, తర్వాత నాలుగు టైర్లకి,
ఎవరూ చూడట్లేదనుకుని
నాలుగో సిలిండర్ మీద ఇంకో చుక్క.

నీలందాన్ని ఆ సాయంత్రమే
వియాచా కుర్రాడు విల్మర్ కొనుక్కుపోయాడు.
పక్షం తిరక్కుండా ఎగువలో మమ్మల్ని దాటేశాడు,
హారన్ కొడుతూ, పళ్ళన్నీ కనిపించేలా.
అన్న నావైపు చూళ్ళేదు.
నేను నాలుగోదాని చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇది ఐదో నెల.
నిన్న అదే మలుపులో
వాడి లారీ ఆగి ఉంది, బానెట్ పైకెత్తి.
అన్న బ్రేకు తొక్కాడు. నేను బోల్టుల డబ్బా పట్టుకుని దూకాను,
మా బోల్టు ఒక్కటీ దానికి పట్టదని తెలిసీ.

విల్మర్ వేడి ఇంజన్ మీద
బంగాళాదుంపలు కాచుకుంటున్నాడు.
మాకూ చెరొకటి ఇచ్చాడు.