ఈ తివాచీ తీసేయండి

నల్లసముద్రం ఒడ్డున, బతూమీలో
మూడు రోజులుగా వాన.
ఉత్సవానికొచ్చిన అతిథుల్ని
హోటల్ నించి హాలుకి చేర్చడం నా పని.
ఈ రాత్రి వెనక సీట్లో
ఎనభై మూడేళ్ళ నాజిబ్రోలా.
ఒళ్ళో పాత బూట్ల సంచి.

"సినిమాకి చేసిన సేవకు గౌరవ పురస్కారం"
అని నాకిచ్చిన కాగితంలో ఉంది.
ఏం సేవండీ, అన్నాను.
"నడిచాను" అంది.

నలభై ఒక్క ఏళ్ళు
త్బిలిసి స్టూడియో చీకటి గదిలో
తెర మీది వాళ్ళందరి బదులూ నడిచిందట.
రాణులకి, రైల్వే గార్డులకి,
పారిపోయే పెళ్ళికూతుళ్ళకి,
ఒకసారి ఎలుగుబంటికి కూడా.
మంచు కావాలంటే గుడ్డసంచిలో బంగాళదుంప పిండి.
పావురం లేవాలంటే తోలు చేతితొడుగులు.
ముద్దుకి తన ముంజెయ్యే.
"అది మాత్రం మా ఆయనకి చెప్పలేదు."

మంచులో ఎవరో వస్తున్న ఆ అడుగులు,
ఎనిమిదేళ్ళప్పుడు నాచేత పక్క తడిపించినవి,
అవీ మీవేనా?
"ఆ పిండితోనే సాయంత్రం
చెర్రీ జావ కాచుకున్నాం. కరువు రోజులు."

హాలు తలుపు దగ్గర నిలబడి చూశాను.
తెర మీద ఆమె సినిమాల ముక్కలు వేశారు.
జనం ముఖాల్ని చూశారు.
ఆమె కళ్ళు మూసుకుంది.
ఒక్కచోట పెదవి కొరుక్కుంది.
ఆ రోజు ఎడమ మడమ ఊడిందట,
ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదట.

పేరు పిలిచారు.
ఎర్ర తివాచీ అంచున ఆగిపోయింది.
సంచిలోంచి నల్ల జోడు తీసి
తొందరేం లేకుండా తొడుక్కుంది.
"ఇది తీసేయండి."
మంత్రిగారి నవ్వు సగంలో నిలిచిపోయింది.
"దీని మీద నడిస్తే
నేనొచ్చానని ఎవరు నమ్ముతారు?"

ఇద్దరు కుర్రాళ్ళు చుట్టేశారు.
కింద పాత చెక్క.
టక్.
టక్.
మధ్యలో చేతికర్ర, తాళం తప్పిస్తూ.
కుడి మోకాలు కాస్త ఆలస్యం.
పదకొండు అడుగులు,
ఎవరి కాళ్ళకీ సరిపెట్టక్కర్లేనివి.
హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

తిరుగు దారిలో అడిగాను, చప్పట్లెలా ఉన్నాయని.
"పర్లేదు. రేకు మీద శనగలు పోస్తే
ఇంకా నిండుగా వచ్చేవి."
ట్రోఫీని గోటితో కొట్టి చెవి ఆనించింది.
"గాజన్నారు. ప్లాస్టిక్."
వైపర్లు అటూ ఇటూ.
మళ్ళీ ఒకసారి కొట్టింది.
"పారేయొద్దులే.
అబద్ధం చెప్పినవాడు
గ్లాసు బల్ల మీద పెడతాడు చూడు,
ఆ చప్పుడుకి పనికొస్తుంది."